నూరు శాతం జట్టు

మా సంపంగి దీవుల మహిళా క్రికెట్ జట్టు నాలుగేళ్లపాటు ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. ఆ నాలుగేళ్లలో మావాళ్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోవడమే అందుకు కారణం. నేనేదో వేళాకోళానికి ఈ మాట అనడం లేదు. మా క్రికెట్ బోర్డు నిర్ణయాలను అప్పట్లో దేశమంతా సమర్థించింది. నేనూ సమర్థించాను. లెక్క అంత నికరంగా కనిపించింది మరి.

మా గురించి వినని వాళ్లకోసం కొంచెం చెప్పాలి. కళింగపట్నం రేవులో ఓడలెక్కి, చెరుకు నరకడానికి ఈ దీవులకు వచ్చినవాళ్ల మునిమనవలం మేము. చెరుకు పోయింది, మాట మిగిలింది. మాకో జెండా, ఒక విమానాశ్రయం, ఒక క్రికెట్ మైదానం ఉన్నాయి. పురుషుల జట్టు ఒకటి ఉండేది గానీ అది ఎక్కడికెళ్లినా ఓడిపోయి వచ్చేది. మహిళా జట్టు ఉన్నట్టు బోర్డుకి కూడా సరిగా తెలియదు. బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన సన్యాసప్పడు గారు సాయంత్రాలు ఆడపిల్లల్ని పోగేసి ఆడించేవారు. అందులో కెప్టెన్ గొర్లె నూకరత్నం. చేపలు డబ్బాలకెత్తే షెడ్డులో పని చేసేది, ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, మాట తక్కువ. ఆ పిల్లల్లో చిన్నది అసిరితల్లి. వయసు పంతొమ్మిది. బంతి విసిరిందంటే వికెట్ల వెనక నిలబడ్డవాళ్లు రెండడుగులు వెనక్కి జరగాల్సిందే.

ఒకసారి మాణిక్యలంక దేశపు మహిళా జట్టు ఎక్కడికో పోతూ, విమానం మరమ్మతుకొచ్చి మా ఊళ్లో చిక్కుకుపోయింది. వాళ్లకి పొద్దుపోవడం లేదు. సన్యాసప్పడు మాస్టారు వెళ్లి, "మా పిల్లల్తో ఓ ఆట ఆడండమ్మా" అని అడిగారు. ఆడారు. వాళ్ల వెంట అంతర్జాతీయ అంపైర్లు కూడా ప్రయాణం చేస్తూండడంతో అది లెక్కలోకి వచ్చే మ్యాచే అయింది. మావాళ్లు వంద దాటారు. మాణిక్యలంకని అసిరితల్లి వంద దాటనివ్వలేదు. బోర్డు తరఫున ఆ రోజు మైదానానికి ఎవరూ రాలేదు. పురుషుల జట్టు ఎందుకు ఓడుతోంది అన్న విషయం మీద వాళ్లు సమీక్షలో ఉన్నారు.

వారం తిరక్కుండా ప్రపంచ క్రికెట్ సమాఖ్య పట్టిక వచ్చింది. సంపంగి దీవులు: ఆడినవి ఒకటి, గెలిచినవి ఒకటి, ఓడినవి లేవు, విజయ శాతం నూరు. పెద్ద పెద్ద దేశాలన్నీ అరవైల్లోనూ డెబ్బైల్లోనూ ఎక్కడో మాకింద ఉన్నాయి.

బోర్డు అధ్యక్షులు చంద్రచూడ భూపతి గారు ఆ పట్టికని అటు తిప్పి ఇటు తిప్పి చూశారట. తర్వాత కార్యదర్శిని పిలిచి, "మనకి ఆడవాళ్ల జట్టు కూడా ఉందా?" అని అడిగారట.

ఘన సన్మానం జరిగింది. పదకొండు మందికీ శాలువాలు కప్పారు. భూపతి గారు గంటసేపు మాట్లాడారు. "పూర్ణత్వం అనేది వేదాంతంలో విన్నాం. క్రీడారంగమందు పూర్ణత్వాన్ని సాధించిన ఏకైక జాతి మనది" అన్నారు. చప్పట్లు ఆగాక నూకరత్నాన్ని కూడా మాట్లాడమన్నారు.

నూకరత్నం మైకు ముందు నిలబడి, "శానా సంతోసం. తరవాతి మేచి ఎప్పుడు బాబూ?" అని కూర్చుంది.

 బోర్డు కార్యదర్శి డాక్టర్ పట్నాయక్ గారు లేచారు. ఆయనకి గణాంక శాస్త్రంలో పట్టా ఉంది. నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు.

"చూడమ్మా. ప్రస్తుతం మన విజయ శాతం నూరు. తదుపరి మ్యాచ్ ఆడి గెలిచామనుకో, ఎంతవుతుంది?"

"నూరే."

"అంటే పెరిగింది ఏమీ లేదు. ఓడామనుకో?"

"సగం."

"కాబట్టి ఆడినందువల్ల లాభం శూన్యం, నష్టం సగం. బుద్ధి ఉన్న ఏ దేశమైనా ఇటువంటి వ్యవహారంలో దిగుతుందా?"

ఈసారి చప్పట్లు ముందరికంటే గట్టిగా మోగాయి. నేనూ కొట్టాను. పక్కనున్న సన్యాసప్పడు మాస్టారు మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ వారంలోనే రికార్డు పరిరక్షణ సంఘం ఏర్పడింది. పొరుగు దేశాల నుంచి ఆడమని ఆహ్వానాలు వచ్చేవి. మొదటి ఏడాది వర్షాలనీ, రెండో ఏడాది ఎండలనీ జవాబులు వెళ్లాయి. "మీకు చలికాలం లేదా?" అని ఒక దేశంవాళ్లు అమాయకంగా అడిగారు. ఉంది గానీ ఆటకి అనువుగా ఉండదని పట్నాయక్ గారు రాయించారు.

మ్యాచ్‌లు లేకపోయినా సాధన చేసుకోవచ్చునని పిల్లలు అనుకున్నారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. అసిరితల్లి నెట్లలో బంతి వేస్తే వికెట్ కీపర్ పారమ్మ వేలు వాచింది. వేలు పారమ్మదే అయినా రికార్డు దేశానిదని సంఘం తీర్మానించింది. గట్టి బంతి తీసేసి రబ్బరు బంతి ఇచ్చారు. దాన్ని పట్టుకోబోయి ఒకమ్మాయి కాలు బెణికించుకుంది. రబ్బరు బంతి కూడా పోయింది. అటు తర్వాత బంతి లేకుండా సాధన చేయించమని మాస్టారుకి ఉత్తర్వులొచ్చాయి. ఆయన పిల్లల్ని వరుసగా నిలబెట్టి, "ఇప్పుడు బంతి వచ్చిందనుకోండి" అనేవారు. పిల్లలు అనుకునేవారు. కొన్నాళ్లకి ఆయనా ఆ మాట అనడం మానేశారు.

జట్టులోంచి ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ కొత్తగా రాకూడదు. రికార్డు సాధించిన పదకొండు మందిలో ఒకరు మారినా అది వేరే జట్టవుతుందని న్యాయ సలహాదారు అభిప్రాయపడ్డారు. అందరినీ రేవుగట్టు మీదున్న పాత దొరల బంగళాకి మార్చి, దానికి జాతీయ రికార్డు పరిరక్షణ కేంద్రం అని బోర్డు తగిలించారు. నీళ్ల బిందె ఎత్తకూడదు, మెట్లు గబగబా దిగకూడదు. అసిరితల్లి కుడిచెయ్యి విషయంలో ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నారు. అన్నం ఎడంచేత్తో తినమన్నారు. ఆ పిల్ల రెండు రోజులు తిని, మూడో రోజు కంచం విసిరేసింది. ఏ చేత్తో విసిరిందన్న దాని మీద విచారణ జరిగింది.

బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి చూపించేవారు. వరండాలో పదకొండు కుర్చీల్లో పదకొండు మంది కూర్చునేవారు. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. రెండో తరగతి పాప ఒకతె, "టీచర్, ఈలు ఎప్పుడాడతారు?" అని అడిగింది.

"తప్పమ్మా. వీళ్లు ఆడరు. గెలిచారు" అంది టీచరు.

నూకరత్నం ఆ పాపనే చూస్తూ కూర్చుంది. బస్సు వెళ్లిపోయేదాకా రెప్ప వేయలేదు.

మంచి పద్ధతి ఒక శాఖలో ఆగదు. పడవల శాఖవారు దీవుల మధ్య తిరిగే లాంచీలను రేవులో కట్టేశారు. ఆ ఏడాది ప్రమాదాలు సున్నా. శాఖాధిపతికి పతకం వచ్చింది. జనం ఈది వెళ్లడం మొదలుపెట్టారు గానీ అది ఆ శాఖ కిందికి రాదు. విద్యాశాఖ పదో తరగతి పరీక్షలు రద్దు చేసి, తప్పినవారే లేని తొలి దేశంగా ప్రకటించుకుంది. చివరికి ప్రధానమంత్రి గారు కూడా, తమ పార్టీ ఇప్పటివరకు ఒకే ఎన్నికలో పోటీ చేసి అందులో గెలిచిందని, ఈ రికార్డు విషయమై నిపుణులతో ఆలోచిస్తున్నామని పత్రికలవారికి చెప్పారు.

మూడో ఏడు ఒక ఆదివారం తెల్లవారాక జట్టు మొత్తం బంగళా వెనకగోడ దూకి సముద్రపు ఒడ్డుకి పోయింది. రాలిన కొబ్బరి మట్ట ఒకటి తెచ్చి, చివర చెక్కి బ్యాటు చేసుకున్నారు. పాత గుడ్డలు చుట్టి బంతి చేశారు. రెండు జట్లయి కడుపునిండా ఆడారు. ఎండెక్కేలోగా తిరిగి కుర్చీల్లో కూర్చున్నారు. కాళ్లకి ఇసుక ఉండడంతో దొరికిపోయారు.

విచారణకి భూపతి గారే స్వయంగా వచ్చారు. పట్నాయక్ గారు ప్రశ్నలు వేశారు.

"సదరు ఆదివారం ఉదయం సముద్ర తీరమందు మీరు క్రీడా స్వభావం గల కార్యకలాపమందు పాల్గొన్నారా?"

"ఆడినాం బాబూ" అంది నూకరత్నం.

"ఎన్ని పక్షాలు?"

"రెండు."

"ఇరుపక్షాలందూ ఉన్నది జాతీయ జట్టు సభ్యులేనా?"

"మరింకెవులుంతారు?"

"ఎవరు గెలిచారు?"

"మా పక్కోలే" అంది నూకరత్నం.

"అది నోబాలు అప్పా! మాం గెలవాల" అని వెనకనించి అసిరితల్లి అరిచింది. నూకరత్నాన్ని ఆ పిల్ల అక్క వరసన అప్పా అనేది.

పట్నాయక్ గారి ముఖం పాలిపోయింది. కాసేపు కాగితం మీద ఏదో వేసి చూసుకున్నారు. అధ్యక్షుల వైపు తిరిగి, "అయ్యా, జాతీయ జట్టులో సగం ఓడిపోయింది" అన్నారు.

భూపతి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ సంగతి సమాఖ్యకి తెలుసా?" అన్నారు, గొంతు తగ్గించి.

తెలియదని తేలాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఆట జరగలేదని సంఘం తీర్మానం చేసింది. బంగళా చుట్టుపక్కల కొబ్బరి మట్టలు నేల మీద పడివుండకుండా చూడ్డానికి ఇద్దరు మనుషుల్ని వేశారు.

భూపతి గారు కారెక్కబోతుంటే నూకరత్నం వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. ఆమెని ఎప్పుడూ అంతసేపు మాట్లాడగా వినలేదని మాస్టారు తర్వాత నాతో చెప్పారు.

"బాబూ, నాకు ముప్పై దాటిపోనాయి. ఇంకో రెండేళ్లు పోతే నా మోకాళ్లు నా మాట ఇనవు. అసిరికి సేతినిండా బలముంది. ఈ వయసు పోతే మల్లీ వొస్తాదేటి? మాకు సాలువాలొద్దు. బంగళా వొద్దు. ఆట్టం ఆడనివ్వండి. ఓడిపోతే ఓడిపోతాం."

భూపతి గారు చెడ్డవారు కారు. ఆప్యాయంగానే ఆమె భుజం తట్టారు. "వయసు మీకుంటుందమ్మా. రికార్డుకుండదు. మీరు పోయినా అది ఉంటుంది. అంతకంటే ఏం కావాలి మనిషికి?" అని వెళ్లిపోయారు.

నూకరత్నం లోపలికొచ్చి కుర్చీలో కూర్చోలేదు. గోడకి చేరబడి నేల మీద కూర్చుంది. అసిరితల్లి వచ్చి పక్కన కూర్చుని, "అప్పా, అది నిజంగా నోబాలే" అంది. నూకరత్నం నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

నాలుగో ఏడు ప్రపంచ సమాఖ్య నుంచి కబురొచ్చింది. విజయ శాతంలో మొదటి స్థానంలో ఉన్న జట్టుని ఈసారి ప్రపంచకప్‌కి నేరుగా తీసుకుంటున్నామని, రాకపోతే పట్టికలోంచి పేరు తీసేస్తామని.

అత్యవసర సమావేశం పెట్టారు. వెళ్లకపోతే పేరు పోతుంది. వెళ్లి ఆడితే ఓడిపోవచ్చు. వెళ్లి ఆడకపోతే ఓడినట్టే లెక్క. సభ్యులు తలలు పట్టుకున్నారు. పట్నాయక్ గారొక్కరే చిరునవ్వుతో కూర్చున్నారు.

"నియమావళిలో నాలుగో మార్గం ఒకటి ఉంది. వర్షం కారణంగా మ్యాచ్ ఆగిపోతే ఫలితం లేదు. ఫలితం లేనిచోట శాతానికి భంగం లేదు."

ఆతిథ్య దేశంలో వానలు ఎక్కడ, ఏ వారంలో ఎక్కువ పడతాయో తేల్చడానికి ఒక వాతావరణ సలహాదారుని నియమించారు. మా మొదటి మ్యాచ్ ఆ ఊళ్లోనే, ఆ వారంలోనే పెట్టించుకోవడానికి భూపతి గారు ఎన్ని విందులిచ్చారో ఆయనకే తెలియాలి. రెండో మ్యాచ్ గురించి ఎవరూ ఆలోచించలేదు. అప్పటికి ఏదో ఒకటి చేయవచ్చు, లేదా జ్వరాలు రావచ్చు.

మొత్తం అరవై మందిమి బయల్దేరాం. అందులో పదకొండు మంది క్రీడాకారిణులు. ఒక పత్రిక తరఫున నేనూ ఉన్నాను. బోర్డు సభ్యులందరూ గొడుగులు తెచ్చుకున్నారు. ప్రత్యర్థి ఆ ఏడు అందరినీ ఓడిస్తున్న పెద్ద జట్టు. వాళ్ల కెప్టెన్ పొడుగాటి మనిషి. వచ్చి నూకరత్నంతో చెయ్యి కలిపి, "మీ రికార్డు చూశాం, మాకు భయంగా ఉంది" అంది. నిజంగానే భయపడుతోందని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

మ్యాచ్ రోజు తెల్లారి తెర తీసి చూశాను. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది.

మైదానంలో పట్నాయక్ గారు మాస్టార్ని పక్కకి పిలిచారు. "మధ్యాహ్నానికి మేఘాలు వస్తాయని సలహాదారు చెప్పారు. అంతవరకు కాలయాపన చేయించండి. ఇరుపక్షాలూ ఐదేసి ఓవర్లు ఆడేలోగా వర్షం వస్తే ఫలితం ఉండదు."

ముందు జాతీయగీతాలు. మా గీతానికి పద్నాలుగు చరణాలున్నాయి. మామూలుగా మొదటిదే పాడతాం. ఆ రోజు అన్నీ పాడించారు. తొమ్మిదో చరణం ఎవరికీ రాకపోవడంతో మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నారు. అవతలి జట్టు పాపం ఎండలో నిటారుగా నిలబడే ఉంది. బోర్డు సభ్యులు పాడుతూ పాడుతూ పైకి చూస్తున్నారు. పడమట తెల్లటి మబ్బుతునక ఒకటి వచ్చి, రెండు చరణాలు విని, వెళ్లిపోయింది.

ఆఖరికి అంపైర్లు ఆట మొదలుపెట్టించారు.

నాలుగేళ్ల తర్వాత అసిరితల్లి చేతికి నిజమైన బంతి ఇచ్చారు. ఆ పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మొదటి బంతి ఎక్కడో పడింది. రెండోది ఇంకెక్కడో పడింది. మూడోది ఫోర్ పోయింది. మావాళ్ల చేతుల్లోంచి క్యాచ్‌లు జారిపోయాయి. కాళ్ల మధ్య నుంచి బంతులు దూరిపోయాయి. గాలరీలో భూపతి గారు రెండు చేతులతో గొడుగు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఐదు ఓవర్లు గడిచిపోయాయి, పది గడిచాయి. ఆ తర్వాత ఏమైందో తెలియదు గానీ, అసిరితల్లి పరుగు మారింది. భుజం సడలింది. ఒక బంతి నేలకి తగిలి లోపలికి దూసుకుపోయి మధ్య వికెట్‌ని వేళ్లతో సహా పెకలించింది. మాస్టారు నా పక్కనే ఉన్నారు. "అద్దీ!" అని అరిచి, నోరు మూసుకుని, బోర్డువాళ్లు విన్నారేమోనని చుట్టూ చూశారు.

ఆ జట్టు చేస్తుందనుకున్నదానికంటే చాలా తక్కువకి ఆగిపోయింది. మావాళ్లు బ్యాటింగ్‌కి దిగారు. వికెట్లు పడుతున్నాయి, పరుగులూ వస్తున్నాయి. వాన రాలేదు. నూకరత్నం నాలుగో మనిషిగా వెళ్లి అక్కడే పాతుకుపోయింది. మోకాళ్లు నొప్పెడుతున్నాయని ఆమె పరుగెత్తే తీరులో తెలుస్తోంది. అయినా ఆగడం లేదు.

ఆఖరి ఓవరు మొదలయ్యేసరికి గెలవడానికి పది కావాలి. ఆఖరి వికెట్టు. అవతలి కొసన అసిరితల్లి. ఇద్దరూ మధ్యలో కలిసి ఏదో మాట్లాడుకోవడం అందరం చూశాం. ఏం మాట్లాడుకున్నారో అసిరితల్లి తర్వాత చెప్పింది.

"అప్పా, ఒక మాటడగనా? ఇది గెలిసీసినామనుకో, నూరు అలగే ఉండిపోద్ది. మల్లీ తీసుకెల్లి కుర్సీల్లో కూకోబెట్టీస్తారు."

"ఊఁ."

"ఓడిపోనామనుకో, ఇంక దాసుకోడానికేటీ ఉండదు. ఒగ్గీస్తారు మనల్ని."

"ఊఁ."

"నాను రనౌటైపోతే సాలు. ఎవులికీ తెలీదు."

నూకరత్నం అవతల బంతి తుడుచుకుంటున్న పొడుగాటి కెప్టెన్ని చూసింది. ఆ ఓవరు ఆమే వేస్తోంది. 

"ఓడిపోదారని ఆడితే అదీ బోర్డు పనే అయిపోద్దే గుంటా" అంది. "నాలుగేళ్లకి ఒక్క మేచి దొరికినాది. దీన్ని కూడా అలగ పాడుసేసుకుందుమా? గెలుద్దారి. తరవాత సంగతి తరవాత."

"మరి కుర్సీలు?"

"కుర్సీలు ఇరగ్గొడదారి. ముందు నువ్వు లగెత్తు."

మొదటి బంతికి రెండు పరుగులు తీశారు. తర్వాతది నూకరత్నం ఆడితే తగల్లేదు. మూడోదానికి ఒకటి. అసిరితల్లి కళ్లు మూసుకుని బ్యాటు తిప్పితే అంచుకి తగిలి ఒకటి వచ్చింది. ఐదోదానికి రెండు తీస్తూ నూకరత్నం పడిపోయి, పాకుతూ గీత దాటింది. ఇక ఒక్క బంతి. నాలుగు కావాలి.

గాలరీలో పట్నాయక్ గారు పెదాలు కదుపుతున్నారు. వాన కోసమో, ఫోర్ కోసమో చెప్పలేను.

బంతి వచ్చింది. నూకరత్నం ముందుకి వంగి గట్టిగా లేపింది. బంతి పైకి లేచింది, ఇంకా లేచింది. అసిరితల్లి చూడకుండా పరుగెడుతూనే ఉంది. అది గీత దాటిపోయిందనే అనుకున్నాం అందరం. దాటబోయే ముందు గీత లోపల నిలబడ్డ ఒకమ్మాయి వెనక్కి వాలి, రెండు చేతులతో గుండెకి పొదువుకుంది. వాలిన మనిషి గీత మీద పడలేదు.

అంతే. మూడు పరుగులతో ఓడిపోయాం.

అవతలి జట్టు గంతులు వేయలేదు. గెలిచామని నమ్మకం చిక్కడానికి వాళ్లకి కొంచెం సమయం పట్టింది. పొడుగాటి కెప్టెన్ వచ్చి, నేల మీద కూలబడిన నూకరత్నాన్ని లేపి, కావిలించుకుని చాలాసేపు వదల్లేదు.

నేను డ్రెస్సింగ్ రూముకి వెళ్లేసరికి భూపతి గారు అక్కడ నిలబడి ఉన్నారు. గదిలో కూడా ఆయన గొడుగు తెరిచే ఉంది. మూయడం మర్చిపోయినట్టున్నారు.

"యాభై" అన్నారు. "యాభై శాతం. ఏం చేశారో తెలుస్తోందా మీకు?"

"ఆడినాం బాబూ" అంది నూకరత్నం.

 పట్నాయక్ గారు అప్పటికే తేరుకున్నారు. పరిరక్షించవలసిన వస్తువు లేనందున రికార్డు పరిరక్షణ సంఘం నేటితో రద్దయిందని, కేంద్రంలో కుర్చీలు విద్యాశాఖకు బదిలీ అవుతాయని అక్కడికక్కడే ప్రకటించారు. ఓడిపోయిన పక్షంలో అధికార ప్రతినిధివర్గం మిగతా మ్యాచ్‌లకి ఉండవలసిన అవసరం లేదని కూడా తేల్చారు. పావుగంటలో బోర్డు సభ్యులందరూ బస్సెక్కి విమానాశ్రయానికి వెళ్లిపోయారు. జట్టుకి వేరే బస్సు లేదన్న సంగతి వాళ్లకి తట్టలేదు.

వాళ్లు వెళ్లాక ముందు పారమ్మ ఏడుపు మొదలుపెట్టింది. తర్వాత ఒక్కొక్కరూ. అసిరితల్లి అందరికంటే గట్టిగా ఏడ్చింది.

"నువ్వెందుకే ఏడుస్తన్నావు?" అంది నూకరత్నం, తన ముక్కు తుడుచుకుంటూ. "ఓడిపోదారన్నావు గదా?"

"ఓడిపోయినాం గదప్పా!" అంది అసిరితల్లి. "ఓ బెత్తుడు అవతల పడుంటే గెలిసిపోదుం. ఆ పిల్ల ఎలగ పట్టిందప్పా దాన్ని? అలగ ఎవులైనా పడతారా?"

"బాగా పట్టింది."

"బాగానే పట్టింది ముండ" అని అసిరితల్లి ముఖం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి ఆ చేతుల వెనకనించి నవ్వు వినిపించింది. ఏడుపు ఆగలేదు గానీ నవ్వూ ఆగలేదు. అది చూసి పారమ్మ నవ్వింది. ఇంక అందరికీ అంటుకుంది. సన్యాసప్పడు మాస్టారు గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక, నా వైపు చూసి కళ్లు తుడుచుకున్నారు.

నూకరత్నం మోకాళ్ల మీద మంచుగడ్డలు చుట్టిన గుడ్డ పెట్టుకుని, "మాస్టారూ, తరవాతి మేచి ఎప్పుడు? ఎవుల్తోటి?" అని అడిగింది.

మాస్టారుకి తెలియదు. నాకూ తెలియదు. బోర్డు ఇచ్చిన కార్యక్రమంలో మొదటి మ్యాచ్ తర్వాత ఖాళీగా ఉంది. మాస్టారు బయటికి పరిగెత్తి, మైదానంలో నీళ్లు చల్లుతున్న మనిషిని అడిగి వచ్చారు. ఎల్లుండి ఉదయమే, ఇదే ఊళ్లో. వచ్చే జట్టు పేరు ఆయన రెండుసార్లు చెప్పినా అసిరితల్లికి నోరు తిరగలేదు.

"ఎవులైతే ఏటి" అని ఆ పిల్ల బూట్లు ఒళ్లో పెట్టుకుని, అడుగున అంటిన మట్టి పుల్లతో గీకడం మొదలుపెట్టింది.